గుహలా, పాడుబడ్డ కట్టడాలా? రాయలసీమలో చీకటి దారులు పట్టాలనుకునేవారికి ఒక పోలిక

బెలుం గుహలు చూసి బయటికి వచ్చినవారిలో కొందరికి తనివి తీరదు. దీపాలూ సిమెంటు దారీ ఆగిపోయిన చోటు దాటి లోపలికి వెళితే ఏముంటుందన్న ఆలోచన వెంటాడుతుంది. గుత్తి కోట ఎక్కినవారికీ, కర్నూలులో కొండారెడ్డి బురుజు చుట్టూ తిరిగినవారికీ అలాంటిదే మరో కుతూహలం: గడ్డి కప్పేసిన ఆ మెట్ల కింద ఏముంది, మూసేసిన ఆ దారి ఎక్కడికి పోతుంది? మొదటిది గుహాన్వేషణ వైపు లాగుతుంది. రెండోది మనుషులు వదిలేసి పోయిన కోటలు, మిల్లులు, బోగదాల (పాత రైలు సొరంగాల) వైపు లాగుతుంది. నగరాల్లో కుర్రవాళ్లు ఈ రెండో సరదాను అర్బన్ ఎక్స్‌ప్లోరేషన్ అంటున్నారు.

రెండింటికీ కావలసిన సామాను దాదాపు ఒకటే: హెల్మెట్, తలదీపం, గట్టి బూట్లు, మోకాళ్లను కాచే మందపాటి ప్యాంటు. రెండింటికీ కావలసిన ఓపికా ఒకటే. అందుకే ఒకటి చేతనైనవారు రెండోదీ చేతనైనట్టే అనుకుని దిగుతారు. నాకు భయం వేసేది ఆ ధీమాను చూస్తేనే. గుహలో మనిషి ప్రాణం తీసేవి వేరు, కట్టడంలో తీసేవి వేరు. లోపలికి వెళ్లడానికి ఎవరిని అడగాలన్నదీ వేరు. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఉంటూ దేనితో మొదలుపెట్టాలా అని తేల్చుకోలేకపోతున్నవారి కోసం ఈ పోలిక రాస్తున్నాను.

## ముందుగా చూసుకోవలసినవి

పైకప్పు. తల మీద ఉన్నది ఎంతకాలంగా నిలిచి ఉంది, ఇంకా నిలుస్తుందా? అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

గాలి, నీరు. లోపలి గాలి కదులుతోందా? వాన పడితే నీళ్లు ఎటు నుంచి వస్తాయి?

అనుమతి. ఆ నేల, ఆ గోడ ఎవరివి? పురావస్తు శాఖవా, అటవీ శాఖవా, రైల్వేవా, ఎవరిదైనా సొంత ఆస్తా?

మన వల్ల జరిగే నష్టం. మన అడుగు పడ్డాక ఆ చోటు ఎలా మారిపోతుంది?

వెనక్కి రావడం. కాలు విరిగితే బయటికి ఎవరు తెస్తారు, ఎంతసేపట్లో?

అందం, ఫోటోలు, సాహసం అన్నవి ఈ ఐదింటికీ జవాబు దొరికిన తర్వాతి మాటలు.

| | బెలుం వంటి టిక్కెట్టు గుహ | వసతుల్లేని గుహ | కోటలు | పాడుబడ్డ మిల్లులు, ఇళ్లు |
|---|---|---|---|---|
| పైకప్పు | నమ్మదగినది | లోపల నమ్మదగినది, ముఖద్వారం దగ్గర అనుమానమే | చోటును బట్టి | నమ్మరాదు |
| గాలి | బయటి నుంచి పంపిస్తారు, అయినా ఉక్క | మనమే కనిపెట్టుకోవాలి | బయలు కాబట్టి మంచిదే | గదుల్లో పరవాలేదు, సంపుల్లో ప్రమాదం |
| నీరు | సిబ్బంది చూసుకుంటారు | వానాకాలం వెళ్లకూడదు | కోనేళ్లు, బావుల దగ్గర జాగ్రత్త | నానిన గోడలే పెద్ద ముప్పు |
| అనుమతి | టిక్కెట్టు చాలు | భూమి ఎవరిదో కనుక్కుని అడగాలి | పగలు అందరికీ | యజమాని ఒప్పుకోవాలి |
| మన వల్ల నష్టం | తక్కువ | చాలా ఎక్కువ, తిరిగి సరిదిద్దలేనిది | మధ్యస్థం | తక్కువ |
| ఎవరికి | అందరికీ | అనుభవం ఉన్నవారి వెంట మాత్రమే | మొదలుపెట్టేవారికి | కట్టడాలు తెలిసినవారి వెంట |

## గుహ నిలుస్తుంది, మిద్దె నిలవదు

మన సీమ గుహలు చాలావరకు సున్నపురాయిలో ఏర్పడ్డవి. బెలుం ఉన్నది భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అని పిలిచే పొరలో. నాపరాయి, కడప బండ అని మన ఇళ్ల గచ్చుకు పరుస్తున్న రాయి ఈ జాతిదే. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడును) కలుపుకుని పలుచటి ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు రాతి పగుళ్లలో దిగి, లక్షల ఏళ్లలో కొద్దికొద్దిగా రాయిని కరిగించి దారి చేసుకుంది. కూలవలసిన భాగం చాలామటుకు మనం పుట్టకముందే కూలిపోయింది, మిగిలినది తన బరువు తాను మోయగలదని నిరూపించుకున్నది. అనుమానించవలసింది ముఖద్వారాన్ని. ఎండకు, వానకు, చెట్ల వేళ్లకు రాయి అక్కడ వదులవుతుంది. చుట్టుపక్కల గనుల్లో పేలుళ్లు జరుగుతుంటే ఆ అనుమానం రెట్టింపు కావాలి.

కట్టడం లెక్క తలకిందులు. అది మొదటి నుంచీ ఎవరో ఒకరు చూసుకుంటేనే నిలిచేది. రాయలసీమ పల్లెల్లోని పాత మట్టిమిద్దెనే తీసుకోండి: రాతి గోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు అనే అడ్డకర్రలు, పైన అడుగు మందాన మట్టి. ఇంట్లో మనుషులున్నంతకాలం ఏటా వానలకు ముందు పైన మట్టి వేసి పగుళ్లు పూడ్చేవారు. ఇల్లు వదిలేశాక ఆ పని ఆగిపోతుంది. వాన పడితే మట్టి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, దూలాన్ని లోపలి నుంచి చెద తినేస్తుంది. దూలం మధ్యలో గట్టిగా కనబడుతుంది కాబట్టి అక్కడ చూసి మోసపోకండి. గోడలోకి దూరి కూర్చున్న చివరను చూడండి. అక్కడ సన్నటి మట్టి గీతలు పాకి ఉంటే, పిడికిలితో కొడితే గుల్ల శబ్దం వస్తే, ఆ గదిలోకి అడుగు పెట్టవద్దు. ముసురు పట్టిన రోజుల్లో మిద్దె కూలిందన్న వార్త మన ప్రాంతంలో దాదాపు ఏటా వినేదే.

పాత నూనె మిల్లులు, జిన్నింగ్ మిల్లుల్లో ముప్పు రేకుల రూపంలో ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండిన సిమెంటు రేకు మనిషి బరువు ఆపదు. పైకెక్కి ఫోటో తీసుకోవాలన్న ఆలోచనే వద్దు. విరిగిన పాత రేకుల ముక్కలను తొక్కి నలపడమూ మంచిది కాదు, వాటిలో రాతినార (ఆస్బెస్టాస్) ఉంటుంది. అది దుమ్మై లేచి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు.

## గుహలైతే బెలుంతోనే ఎందుకు మొదలుపెట్టాలి

బెలుం ఇప్పుడు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉంది. తాడిపత్రి నుంచి వెళ్లడం తేలిక. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు సందర్శకులకు తెరిచారు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహ గురించి రాశారు. దాదాపు వందేళ్ల తర్వాత, 1982 నుంచి 1984 మధ్య, గెబావర్ నాయకత్వంలో జర్మన్ గుహాన్వేషకులు లోపల కొలతలు తీసి పటం గీశారు. పర్యాటకులకు 2002లో తెరిచారు.

టిక్కెట్టు కొని నడిచే చోటు కదా, ఇందులో అన్వేషణ ఏముందని తేలిగ్గా తీసేయవద్దు. మీ శరీరం భూమి కింద ఎలా నడుచుకుంటుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా క్షేమమైన చోటు మన దగ్గర లేదు. లోపల ఉక్క బాగా ఉంటుంది. కొన్ని చోట్ల వంగి, ఒదిగి నడవాలి. పాతాళగంగ దగ్గరకు దిగేసరికి 46 మీటర్ల లోతుకు చేరతారు. ఆ మెట్ల మీద గుండె దడదడలాడితే, ఇరుకులో నిలబడగానే వెనక్కి పరిగెత్తాలనిపిస్తే, ఆ సంగతి ఇక్కడే తెలియడం మేలు. అలాంటివారికి కోటలూ బయలు కట్టడాలూ సరిపోతాయి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

లోపల ఉన్నప్పుడు విగ్రహాలను, రంగు దీపాలను కాసేపు పక్కన పెట్టి గోడలు చూడండి. నీరు తొలిచిన గుహల్లో చాలాచోట్ల గోడ మీద వరసగా చిన్న చిన్న గిన్నెల్లాంటి పల్లాలు ఉంటాయి. ఆ పల్లాలు చిన్నవైతే అక్కడ ఒకప్పుడు నీరు వడిగా పారింది, పెద్దవైతే నెమ్మదిగా పారింది. ఎండిపోయిన గుహలో నీటి వేగాన్ని గోడ మీద చదవగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది, అదీ తాగునీటికి ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఈ నేల కింద! పాడుబడ్డ కట్టడంలో చెమ్మ గీతను చూసి కప్పు ఎక్కడ కారుతోందో పోల్చుకోవడం కూడా ఈ చదువే. రెండు సరదాలూ నిజంగా కలిసేది ఇక్కడ. నీటి జాడ చదవడం వచ్చినవారు రెండు చోట్లా బతికి బట్టకడతారు.

## వసతుల్లేని గుహలు: బేతంచెర్ల వైపు

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల పేరు చరిత్ర చదివినవారికి తెలిసే ఉంటుంది. 1844లో న్యూబోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి వీటి గురించి రాశారు. 1880లలో బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఇక్కడ తవ్వకాలు జరిపి జంతువుల ఎముకలు వెలికితీశారు. కెథడ్రల్, చార్నెల్ హౌస్, పర్గటరీ అంటూ ఒక్కో గుహకు వాళ్లు పెట్టిన పేర్లే ఇప్పటికీ పరిశోధన పత్రాల్లో నడుస్తున్నాయి. ఇక్కడి మట్టి పొరల్లో దొరికిన ఎముకల ఆధారంగా 2014లో వెలువడిన ఒక అధ్యయనం రెండు లక్షల ఏళ్ల పాటు ఉపఖండంలో ఏయే జంతువులు తిరిగాయో వివరించింది. ఈ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవిలో (గవి అంటే గుహ) పురావస్తు శాస్త్రజ్ఞుడు ఎం.ఎల్.కె. మూర్తి ఎముక పనిముట్లతో పాటు పాతరాతియుగపు పొయ్యి ఆనవాలును గుర్తించారు. దాని వయసు సుమారు 17 వేల ఏళ్లు.

ఇవన్నీ చెప్పడం మిమ్మల్ని ఊరించడానికి కాదు. ఇలాంటి గవిలో నేల మీద ఉన్న మట్టి ఒక దస్తావేజు. ఒక్క జత బూట్లు, ఒక్క చలిమంట దాని పొరలను కలిపేస్తే మళ్లీ ఎవరూ విడదీయలేరు. గోడల మీద పేర్లు గీయడం, కప్పు నుంచి వేలాడే రాతి సూదులు విరిచి జేబులో వేసుకోవడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టినవారికి ఈ గుహలను నేను సూచించను. వెళితే, ఆ చోటు మీద అధికారం ఉన్న శాఖను అడిగి, గుహలు తెలిసినవారి వెనక నడిచి, అంతకుముందు పడిన అడుగుల మీదనే అడుగులు వేసి రావాలి.

గాలి సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోండి. పూడిక తీయడానికి పాతబావిలోకి దిగినవారు ఊపిరాడక పడిపోవడం, వారిని కాపాడబోయి ఇంకొకరు, ఆ వెనకే మరొకరు దిగి ప్రాణాలు పోగొట్టుకోవడం మన ఊళ్లకు తెలియని విషాదం కాదు. గాలి ఆడని గుహ అడుగున జరిగేదీ ఇదే. మామూలు గాలిలో బొగ్గుపులుసు వాయువు వందకు 0.04 పాళ్లు మాత్రమే ఉంటుంది. మూడు పాళ్లకు చేరితే ఊపిరి వేగం పెరుగుతుంది, తల బరువెక్కుతుంది. పది పాళ్ల దగ్గర స్పృహ ఉండదు. ఆ వాయువు గాలి కన్నా బరువు కాబట్టి పల్లాల్లో చేరుతుంది. కారణం లేకుండా ఆయాసం వచ్చిందంటే చర్చ వద్దు, అందరూ పైకి రావాలి. పడిపోయినవారి వెంట దిగకూడదు. ఈ మాట రాయడం తేలికే, ఆ క్షణంలో పాటించడం చాలా కష్టం. అందుకే బయలుదేరే ముందే అందరూ నోటితో ఒప్పుకోవాలి.

గబ్బిలాలున్న గుహల్లో రెట్ట దుమ్ము ద్వారా ఊపిరితిత్తులకు శిలీంధ్రాల జబ్బు సోకవచ్చు. ఎన్-95 మాస్కు పెట్టుకోండి, గబ్బిలాల మీదకు దీపం వేయకండి. పావురాలు చేరిన పాత మేడల్లో కూడా మాస్కు అవసరమే.

ఈ దారిలో లోతుగా వెళ్లాలన్న తపన నిజంగా ఉంటే మేఘాలయ వైపు చూడండి. అక్కడ మేఘాలయ అడ్వెంచరర్స్ అసోసియేషన్ దశాబ్దాలుగా గుహలను కొలిచి పటాలు గీస్తోంది. క్రెమ్ లియాత్ ప్రా గుహ ఒక్కటే 30 కిలోమీటర్లు దాటింది. తాడు పని, కొలతల పని తెలిసినవారి దగ్గర నేర్చుకుని వచ్చాక బేతంచెర్ల గవుల విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

## కోటలు: మధ్యే మార్గం

ఎటూ తేల్చుకోలేనివారికి నా సలహా కోటలే. రాయీ ఉంటుంది, మనిషి చేతిపనీ ఉంటుంది, చీకటి గదులుంటాయి, బయలూ ఉంటుంది, పగటిపూట వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గండికోటలో అందరూ పెన్నా లోయ అంచుకు పరిగెత్తుతారు. అన్వేషణ కోరేవారు ధాన్యాగారం దగ్గర ఆగాలి. ఆ కమానుల కింద నిలబడి చూస్తే, దూలం లేకుండా ఒక రాయి బరువును పక్క రాయి ఎలా మోస్తోందో అర్థమవుతుంది. గుహ పైకప్పు ఎందుకు నిలుస్తుందో కూడా దాన్ని చూస్తే బోధపడుతుంది. సిద్ధవటం కోట పెన్నా ఒడ్డున చదునైన నేల మీద ఉంది కాబట్టి పిల్లలతో, పెద్దవారితో వెళ్లడానికి బాగుంటుంది.

గుత్తి కోట కష్టమైనది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మురారిరావు ఘోర్పడే ఏలిన ఈ కోట 1776లో హైదర్ అలీ ముట్టడిలో నీటి కరువు వల్లనే లొంగింది. అంత నీటి ఆరాటం ఉన్న కోట కాబట్టి కొండ మీద బావులు, వాన నీటి తొట్లు చాలా తవ్వారు. చాలావాటికి పిట్టగోడ లేదు. వానలు వెలిశాక గడ్డి నడుము ఎత్తు పెరిగి వాటి అంచులను కప్పేస్తుంది. కర్రతో ముందు నేలను పొడిచి చూసుకోకుండా దారి తప్పి నడవకండి. పగటిపూట తేనెపట్ల కింద పొగ, అరుపులు, సెంటు వాసన పనికిరావు.

కొండారెడ్డి బురుజు నుంచి తుంగభద్ర కింద గద్వాల కోట వరకు సొరంగం ఉందన్న కథ కర్నూలులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కథను కథగా ప్రేమించండి. మూసిన దారిని తెరిచే ప్రయత్నం నేరం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి హాని చేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

రాయలసీమకే ప్రత్యేకమైన ముప్పు ఒకటుంది, అది గుప్తనిధుల అనుమానం. రాత్రిపూట తలదీపం, తాడు, పెద్ద సంచితో కోట దగ్గర కొత్త మనిషి కనబడితే ఊరివాళ్లు నిధుల దొంగ అనుకోవడంలో తప్పు లేదు. అలాంటి తవ్వకాలతో ఎన్నో గుళ్లు పాడయ్యాయి. కాబట్టి పగలే వెళ్లండి. ఊళ్లో మొదటి టీ అంగడి దగ్గర ఆగి, “పెద్దాయనా, కోట చూడ్డానికి వచ్చాం, సాయంత్రానికి దిగుతాం” అని చెప్పండి. గడ్డపార, పార, మెటల్ డిటెక్టర్ వాహనంలో కూడా ఉండకూడదు. పొరపాటున ఏదైనా కంటబడితే తాకకుండా రెవెన్యూ అధికారులకు చెప్పండి. పది రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

## మిల్లులు, బోగదాలు, గనులు

మూతపడ్డ మిల్లుల్లోకి యజమాని మాట లేకుండా వెళ్లకండి. గేటు విరిగి ఉండటం అనుమతి కాదు. కాపలా మనిషికి డబ్బిచ్చి లోపలికి వెళ్లడం కూడా అనుమతి కాదు, మీకు దెబ్బ తగిలితే మొదట ఉద్యోగం పోయేది ఆయనకే. నిజమైన అనుమతి అడిగితే చాలామంది ఇస్తారు. తాతలు నడిపిన మిల్లు ఫోటోలు తీసి ఒక ప్రతి ఇస్తామంటే దగ్గరుండి చూపించేవారూ ఉంటారు.

నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో మీటర్ గేజ్ రోజుల నాటి బొగద సొరంగం, దొరబావి వంతెన స్తంభాలు గుహాభిమానులనూ కట్టడాల అభిమానులనూ సమానంగా ఆకర్షిస్తాయి. అది అభయారణ్యం. అటవీ శాఖ వారి వెంట తప్ప వెళ్లవద్దు.

గనుల విషయంలో పోలిక అవసరమే లేదు, వద్దు. రామగిరి బంగారు గనులు మూతపడి రెండు దశాబ్దాలు దాటింది, పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు రాతినార తవ్వారు. గనిలో గుహ ముప్పూ కట్టడం ముప్పూ కలిసే ఉంటాయి: గాలి ఆడదు, నీరు నిండి ఉంటుంది, పైకప్పును ఆపిన కర్రలు కుళ్లిపోయి ఉంటాయి. ఎంత అనుభవం ఉన్నా ఇందులో మినహాయింపు లేదు.

## మీకు ఏది?

కాలేజీ విద్యార్థులకు, ఖర్చు తక్కువలో కానివ్వాలనుకునేవారికి: గుత్తి, గండికోట, ఆ తర్వాత బెలుం. పిల్లలున్న కుటుంబాలకు సిద్ధవటం, బెలుం. ఫోటోల కోసం తిరిగేవారికి అనుమతి దొరికిన మిల్లు అన్నిటికన్నా ఎక్కువ ఇస్తుంది, గుహలో మంచి ఫోటో తీయడానికి చాలా దీపాలు, చాలా ఓపిక కావాలి. భూగర్భ శాస్త్రం, చరిత్ర చదువుతున్నవారు తమ అధ్యాపకుల ద్వారా బిల్లసర్గం వెళ్లే దారి చూసుకోవాలి. సివిల్ ఇంజనీరింగు తెలిసినవారు పాడుబడ్డ కట్టడాల వైపు వెళితే వారి చదువు వారినీ తోటివారినీ కాపాడుతుంది. ఆయాసం, ఇరుకంటే భయం ఉన్నవారు బయలు కోటలకే పరిమితం కావాలి.

ఎవరైనా సరే, మనిషికి మూడు దీపాలు ఉండాలి, ఫోను దీపం ఆ లెక్కలోకి రాదు. గుహకైతే కనీసం నలుగురు వెళ్లండి: ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుంటారు, ఇద్దరు సాయం కోసం బయటికి వస్తారు. లోపల ఫోను పనిచేయదు కాబట్టి ఇంట్లో ఒకరికి కాగితం మీద రాసి ఇవ్వండి: ఎక్కడికి, ఎంతమంది, ఎన్ని గంటలకు బయటపడతాం, ఆ సమయం దాటితే 112కు ఫోను చేయాలి. బయటికి రాగానే మొదట చేయవలసిన పని ఆ మనిషికి చెప్పడం.

కాలం సంగతి: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు రెండింటికీ మంచిది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో వసతుల్లేని గుహలు, మట్టిమిద్దెలు రెండూ మానుకోవాలి. ఎండాకాలంలో కోట రాళ్లు కాలుతాయి కాబట్టి తెల్లవారుజామున ఎక్కి పది గంటల లోపు దిగాలి. ఆ నెలల్లోనే శ్రీశైలం జలాశయం తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. అది చూడాలనుకునేవారు బయలుదేరే ముందు జలాశయం మట్టం కనుక్కోవాలి, ఒడ్డున ఎండినట్టు కనబడే బురద మీద స్థానికులు నడిచిన చోటే నడవాలి.